ట్రంకాలత్త గొంతు

మా మేనత్తని ఇంటిల్లిపాదీ ట్రంకాలత్త అనేవాళ్ళం. పై ఊరికి ఫోను, అంటే ట్రంకాలు, చెయ్యాలంటే ముందు ఎక్స్చేంజికి చెప్పుకుని, వాళ్ళు కలిపేదాకా ఫోను పక్కన కాపలా కాసే రోజుల్లో, అలా కలిపే ఉద్యోగం ఆవిడది. పందొమ్మిదో ఏట చేరి ముప్ఫై ఒక్కేళ్ళు చేసింది. పొడుగాటి గదిలో పన్నెండుమంది ఆడవాళ్ళు ఒకే వరసలో కూర్చునేవారట. ఎదురుగా చిల్లుల బోర్డు, చేతుల్లో తీగలు, చెవులకి హెడ్‌ఫోను, వెనకాల చప్పుడు కాని చెప్పులేసుకుని తిరిగే సూపర్‌వైజరు.

ఆ గదిలో నేర్పిన మర్యాద రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అవతలివాళ్ళు పెట్టేదాకా మనం ఫోను పెట్టకూడదు. ఎంత కుదరని పనైనా లేదు, కాదు, వద్దు అనే మాట నోట్లోంచి రాకూడదు. "ప్రయత్నిస్తున్నానండీ, లైన్లో ఉండండి" అనాలి. చావు కబురు చెప్పడానికి ఏడుస్తూ లైను అడిగేవాడికీ, ఆలస్యమైందని బూతులు తిట్టేవాడికీ అదే గొంతు, అదే మాట. సూపర్‌వైజరు నెలకోసారి చాటుగా విని మార్కులు వేసేదట. మా అత్తకి ఒక్కనాడూ మార్కు తగ్గలేదు.

ఆ మర్యాద ఆవిడ వెంట ఇంటికి కూడా వచ్చేసింది. "మా అక్కని ఉప్పందించమంటే లైన్లో ఉండమంటుంది" అని మా నాన్న ఏడిపించేవాడు. ఒకాయన పెళ్ళి చేసుకుంటానని వచ్చి, ఉద్యోగం మానెయ్యాలని షరతు పెట్టాడట. మా అత్త కాదనలేదు. "చూద్దామండీ" అంది. అలా నాలుగేళ్ళు ఆయన్ని లైన్లో పెట్టింది. చివరికి ఆయనే విసిగిపోయి ఇంకొకావిణ్ణి చేసుకున్నాడు. ఈ కథ చెప్పుకున్నప్పుడల్లా పడీపడీ నవ్వేవాళ్ళం. ఆవిడ ఉద్యోగం మానేస్తే ఎనిమిదేళ్ళ తమ్ముడికి తిండి ఎవరు పెడతారన్నది ఆ నవ్వులో ఎవరికీ తట్టేది కాదు. ఆ తమ్ముడే మా నాన్న. అమ్మా నాన్నా ఏడాది తేడాలో పోతే అక్క జీతం మీదే పెరిగాడు, చదివాడు, పెళ్ళి చేసుకున్నాడు, నన్ను కన్నాడు.

మొదటి జీతం అందినప్పుడు, ఆడపిల్లకి డబ్బెందుకు, మేనమామ చేతికివ్వమన్నారట పెద్దలు. "అలాగేనండీ" అని తలూపి, మర్నాడు డ్యూటీ దిగాక తిన్నగా బ్యాంకుకెళ్ళి తన ఒక్కదాని పేరున ఖాతా తెరిచింది. ఆవిడ జీవితంలో చేసిన తిరుగుబాటల్లా అదొక్కటే. జీతమూ, ఆ తర్వాత పెన్షనూ అన్నీ అందులోకే వచ్చాయి. ఆ ఖాతా జోలికి వెళ్ళే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ ఉండేది కాదు.

నేను కళ్ళద్దాల దుకాణంలో పని చేస్తాను. అద్దాన్ని ఫ్రేముకి సరిపోయేలా అంచు అరగదీసి బిగించడం నా పని. ఆ పనికి చెయ్యి నెమ్మదిగా ఉండాలి. నా చెయ్యి నెమ్మదే, నాలుకే కాదు. కోపం వస్తే ముందు అనేసి తర్వాత ఏడ్చే రకాన్ని. ఇది ముందే చెప్పేస్తే మంచిది, ఎందుకంటే ఈ కథలో నేను మంచిగా కనబడే చోట్లు చాలా తక్కువ.

నాన్న పోయాక అత్తకి నేనే దిక్కు. మా ఇంటికి రెండు వీధుల అవతల, ఇస్త్రీ దుకాణం మీద రెండు గదుల్లో ఒక్కతే ఉండేది. పొద్దున్నే ఒకావిడ వచ్చి ఇల్లూడ్చి, వంట చేసి, అత్తకి తల దువ్వి వెళ్ళేది. తొమ్మిదేళ్ళుగా ఆవిడే. నేను సాయంత్రం దుకాణం కట్టేశాక వెళ్ళేదాన్ని.

అత్తకి డెబ్భై ఆరు దాటాక మతిమరుపు మొదలైంది. మొదట నవ్వుకున్నాం. తర్వాత స్టవ్వు వెలిగించి పడుకోవడం, నన్ను మా అమ్మ పేరుతో పిలవడం, స్నానం చేశానో లేదో నన్నే అడగడం. డాక్టరు పరీక్షలు చేసి డిమెన్షియా అన్నాడు. మందులు రాసిచ్చి, లేవబోతున్న నన్ను ఆపి, "బ్యాంకు ఖాతాలో మీ పేరు కూడా చేర్పించండి. ఇలాంటివాళ్ళకి ముందు డబ్బు దగ్గరే దెబ్బ తగులుతుంది" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

ఇంటికొచ్చి అత్తతో అన్నాను. "చూద్దాంలేవే" అంది. నాలుగేళ్ళు పెళ్ళికొడుకుని నిలబెట్టిన "చూద్దాం" అది. రెట్టించి అడగడానికి మనసొప్పలేదు. మా నాన్నని పెంచిన డబ్బు మీద నేను పేరెక్కించుకుంటున్నట్టు సిగ్గేసింది. ఆ సిగ్గుని గౌరవం అనుకుని ఏడాదిన్నర ఊరుకున్నాను.

ఈలోగా ఇంటి పనావిడ నాతో రెండు మూడుసార్లు అంది. "అమ్మా, పెద్దమ్మగారికి పొద్దస్తమానూ ఫోన్లొస్తున్నాయి. ఎవరేమడిగినా అలాగే అలాగే అంటున్నారు. కాస్త చూడండి."

"మాట్లాడుకోనీ, పొద్దుపోతుంది కదా" అన్నాను. నిజానికి నాకు హాయిగా ఉండేది. ఎంతసేపు ఫోను ముందు కూర్చుంటే అంతసేపు వీధిలోకి పోకుండా ఉంటుందని నా లెక్క. గంట సరిగ్గా వినబడటం లేదంటే, గట్టిగా మోగే కొత్త ఫోను కొని పెట్టింది కూడా నేనే.

ఒకరోజు సాయంత్రం వెళ్ళేసరికి అత్త చేతిలో ఉత్త వేణ్ణీళ్ళ గ్లాసు ఉంది. పాలు లేవు. డబ్బాల్లో బియ్యం అడుక్కి వచ్చాయి. మర్నాడు దుకాణానికి ఆలస్యమైనా సరేనని పొద్దున్నే వెళ్ళి పనావిణ్ణి నిలదీశాను.

"ఖాతాలో డబ్బుల్లేవన్నారమ్మా. కార్డు పెడితే మిషను ఇవ్వట్లేదు. నాకు కూడా రెండు నెలల్నించి ఇవ్వలేదు, నేనే అడగలేదు. మొన్న పాలు నా డబ్బుల్తోనే తెచ్చాను."

"కార్డు ఎవరు పెడుతున్నారు మిషన్లో?"

"నేనే. పెద్దమ్మగారు అంకెలు చెప్తారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నెలనెలా పెన్షను పడుతోంది, అద్దె తక్కువ, తినే మనిషి ఒక్కతి. అంకెలు తెలిసింది ఈవిడొక్కతికే. "పెన్షనంతా ఏ మిషను మింగిందో నీకే తెలియాలి" అన్నాను. అంతటితో ఆగానా, లేదు. తొమ్మిదేళ్ళ నమ్మకం, విశ్వాసం అని నోటికొచ్చిందల్లా అన్నాను. అత్త మంచం మీద కూర్చుని ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. పనావిడ చేతిలో ఉన్న దువ్వెనకి చిక్కుకున్న తెల్ల వెంట్రుకలు తీసి, దాన్ని కిటికీలో పెట్టి, కొంగులో కట్టుకున్న తాళంచెవి బల్లమీద ఉంచి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే పాస్‌బుక్కు పట్టుకుని బ్యాంకుకెళ్ళాను. గోడకున్న మిషన్లో పెడితే అది ఆపకుండా అచ్చు కొట్టింది. పేజీ తిప్పమని అడుగుతూ అడుగుతూ పుస్తకం ఐపోయేదాకా కొట్టింది. అక్కడే నిలబడి చదివాను. చేపలు పట్టేవాళ్ళ పత్రికకి చందా. లేని కారుకి బీమా. లేని కుక్కకి వైద్యం పథకం. నీళ్ళు వడకట్టే యంత్రానికి వాయిదా. అన్నీ నెలనెలా తమంతట తామే ఖాతాలోంచి లాక్కునేవే. మొదటి ఏడాది ఖాతాలో ఉన్నది తిన్నాయి. ఆ తర్వాత సున్నా కిందికి వెళ్ళింది. అక్కణ్ణించి ప్రతి వరస కింద ఇంకో వరస మొదలైంది. ఓవర్‌డ్రాఫ్ట్ రుసుము. డబ్బు లేకపోయినా బ్యాంకు తన చేతినించి కట్టేసి, కట్టినందుకు వేసే జరిమానా అది. పత్రిక చందా నలభై, దాని మీద రుసుము మూడొందల యాభై. ఒక్క నెలలో అలాంటివి పదకొండు. ఒకటో తారీఖున పెన్షను పడేది, పడ్డది పడ్డట్టు ఆ గోతిలోకి పోయేది, రెండో తారీఖుకి మా అత్త మళ్ళీ అప్పులో ఉండేది.

పనావిడ మింగింది అందులో ఒక్క పైసా లేదు. అక్కడున్న బెంచీ మీద కూలబడ్డాను.

బ్యాంకు ఆఫీసరమ్మ నాకంటే చిన్నది. కుర్చీ చూపించి, మంచినీళ్ళు తెప్పించి, అంతా విని, కంప్యూటర్లో వెతికింది. "ఓవర్‌డ్రాఫ్ట్ సౌకర్యం కావాలని ఆవిడే ఒప్పుకున్నారండీ. మా వాళ్ళు ఫోన్ చేసి అడిగారు, రికార్డింగు ఉంది" అంది.

"ఆవిడకి మతి లేదమ్మా."

"వినండి" అని హెడ్‌ఫోను నా చేతికిచ్చింది.

విన్నాను. ఎవరో అమ్మాయి గబగబా చదువుకుంటూ పోతోంది. ఖాతాలో సొమ్ము చాలనప్పుడు మీ చెల్లింపులు ఆగకుండా మేమే కడతాం, అందుకు రుసుము వర్తిస్తుంది, సమ్మతమేనా అని. దానికి జవాబుగా మా అత్త గొంతు. సాయంత్రాలు నన్ను నువ్వెవరే అని అడిగే గొంతు కాదది. ఆరు నెలల క్రితం రికార్డు చేసిందని తారీఖు చెబుతోంది గానీ, ముప్ఫై ఏళ్ళ నాటి గొంతు. ఒక్క అక్షరం కూడా తడబడలేదు. "తప్పకుండా అండీ. అలాగే చేద్దాం." అంతటితో ఊరుకోలేదు. "అమ్మా, మీ గొంతు బాగా అలిసిపోయినట్టుంది. పొద్దుట్నించీ డ్యూటీలో ఉన్నారా? ఒక్క గుక్క మంచినీళ్ళు తాగండి, నేను లైన్లోనే ఉంటాను."

అటువైపు ఆ అమ్మాయి క్షణం సేపు ఆగింది. నీళ్ళు తాగిందో, కళ్ళే తుడుచుకుందో తెలీదు. మళ్ళీ గబగబా మిగతా షరతులు చదివేసింది. చివర్న ఇద్దరూ ఫోను పెట్టకుండా ఎదురుచూశారు. "ముందు మీరు పెట్టండమ్మా, తర్వాత నేను పెడతాను" అంది అత్త.

హెడ్‌ఫోను తీసి బల్లమీద పెట్టాను. "ఇంత చక్కగా మాట్లాడే మనిషికి మతిమరుపంటే ఎవరు నమ్ముతారండీ?" అంది ఆఫీసరమ్మ. వెటకారంగా కాదు, నిజంగానే అడిగింది. ఆ కంపెనీలవాళ్ళందరూ కూడా ఈ గొంతే విని ఉంటారు. అన్నీ మర్చిపోయినా ఉద్యోగం మాత్రం మర్చిపోలేదు మా అత్త. మంచి ఉద్యోగి అవడమే ఆవిడ కొంప ముంచింది.

దీన్ని ఆపడానికి రెండు దారులున్నాయంది ఆఫీసరమ్మ. ఒకటి, అత్తే స్వయంగా ఫోన్ చేసి ఈ సౌకర్యం వద్దని చెప్పాలి. రెండోది, ఆవిడ తన వ్యవహారాలు చూసుకోలేరని డాక్టరు రాసిచ్చిన ఉత్తరంతో వచ్చి, ఖాతా నా చేతిలోకి తీసుకోవాలి. యాభై తొమ్మిదేళ్ళుగా ఒక్క పేరు మీదున్న ఖాతా. అది మాత్రం చెయ్యను, అత్త చేతే వద్దనిపిస్తాను అనుకున్నాను.

ఆదివారం కూర్చోబెట్టి పాఠం మొదలెట్టాను. "అత్తా, వాళ్ళు అడుగుతారు. నువ్వు వద్దు అనాలి. ఏదీ, అను."

"వద్దు" అంది బుద్ధిగా.

"ఇది ఉంచమంటారా అంటారు. అప్పుడేమంటావు?"

"వద్దు."

పదిసార్లు అనిపించాను. ఒక కాగితం మీద పెద్దక్షరాలతో వద్దు అని రాసి ఫోను పక్కన ఆనించి పెట్టాను. నంబరు కలిపి ఫోను చేతికిచ్చి, నేను కూడా వినేలా స్పీకరు పెట్టాను. ఫోను చెవికి ఆనగానే ఆవిడ వెన్ను నిటారుగా లేచింది. అవతల ఎవరో అబ్బాయి, సౌకర్యం రద్దు చెయ్యమంటారా అని అడిగాడు. "అవునండీ" అంది. నా గుండె తేలికపడింది. అప్పుడు వాడు తన ముందున్న కాగితం చూసి చదవడం మొదలెట్టాడు. రద్దు చేస్తే మీ చెల్లింపులు ఆగిపోవచ్చు, మీరు ఇబ్బంది పడొచ్చు, కాబట్టి కొనసాగించమంటారా మేడమ్?

నేను కాగితం ఎత్తి కళ్ళ ముందు ఊపాను. అత్త దాన్ని చూసింది. నన్ను చూసింది. నోరు తెరిచింది. ఆ మాట ఆవిడ పెదాల దాకా వచ్చి ఆగిపోవడం నేను కళ్ళారా చూశాను.

"అలాగేనండీ, కొనసాగించండి" అంది.

వాడు ఆగలేదు. పొదుపు పథకం ఒకటుందన్నాడు. దానికి కూడా అలాగే అంది. నేను ఫోను లాక్కుని పెట్టేశాను. పెట్టేసి, అరిచాను. "ఒక్క మాట! ఒక్క మాట అనడానికి ఏం రోగం నీకు? వద్దనలేవా? నీ డబ్బంతా నీ నోటితోనే పారబోస్తున్నావు, నీకు తిండి లేదు, ఉన్న ఒక్క మనిషినీ నేను తరిమేశాను, తెలుస్తోందా?" కింద ఇస్త్రీ దుకాణంలో పెట్టె చప్పుడు ఆగిపోయింది.

అత్త లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది. "సారీ మేడమ్" అంది సన్నగా. "కాల్ తెగిపోయిందా? నేను తెంపలేదు మేడమ్, దానంతటదే తెగింది. మార్కు తగ్గించకండి. తమ్ముడి ఫీజు కట్టాలి."

నేను ఆవిడ కాళ్ళ దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నన్ను ఓదార్చాలని ఆవిడకి తెలిసింది గానీ ఎవర్ని ఓదారుస్తోందో తెలియలేదు. నెత్తి మీద చెయ్యి వేసి, "లైన్లో ఉండండి, కలుపుతాను" అంది.

ఆ సాయంత్రం పనావిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. రెండు నెలల జీతం, పాల డబ్బులు, నా క్షమాపణ తీసుకెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి అన్నీ తీసుకుంది. "తిరిగి వస్తావా?" అన్నాను.

"వేరే ఇంట్లో చేరిపోయానమ్మా. మీరు దొంగ అన్నందుకు కాదు. ఆ మాట పెద్దమ్మగారి ముందు అన్నారు. ఆవిడ అది విన్నారు."

"ఆవిడకి గుర్తుండదు."

"నాకుంటుంది కదమ్మా" అంది.

నిజంగానే అత్తకి గుర్తులేదు. రోజూ పొద్దున్న దువ్వెన పట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, "ఆవిడ ఇంకా రాలేదేమే?" అని అడిగేది. సెలవు పెట్టి నేనే వెళ్ళి తల దువ్వడం మొదలెట్టాను. నా చెయ్యి మొరటుగా ఉందని రోజూ అనేది. ఆ మాట మాత్రం నిజం.

ఇక చేసేది లేక డాక్టరు దగ్గర ఉత్తరం రాయించాను. ఫోను లైను తీయించేశాను. తర్వాతి సోమవారం అత్తకి మంచి చీర కట్టి బ్యాంకుకి తీసుకెళ్ళాను. ఆవిడ అందరికీ నమస్కారం పెడుతూ లోపలికి నడిచింది. ఆఫీసరమ్మ తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టింది. చివరి మూడు నెలల రుసుములు వెనక్కి వేయించానని, అంతకు ముందువి తన చేతిలో లేవని చెప్పింది. ఆ మూడు నెలలవి కూడా ఎవరెవరితోనో పోట్లాడి వేయించిందని మొహం చూస్తేనే తెలిసింది. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామని చాలా ప్రయత్నించాను గానీ రాలేదు.

అప్పుడు ఫారం తీసింది. "దీన్ని ఖాతాదారుకి చదివి వినిపించాలండీ, రూలు" అని నా వైపు చూసింది. చదవడానికి నోరు తెరిచి, అత్త మొహం చూసి, ఆగిపోయింది. నన్ను చదవమంటుందేమోనని నేను తల వంచుకున్నాను.

"ఇలా ఇవ్వమ్మా" అని అత్త చెయ్యి చాపింది.

నేను ఆపేలోగా కాగితం అందుకుంది. కళ్ళద్దాలు సర్దుకుని పైకి చదివింది, గదంతా వినబడేలా, ఎక్కడా తొట్రుపడకుండా. తన పేరు చదివింది. ఇంటిపేరుతో సహా మొత్తం పేరు. ఖాతా నంబరు అంకె అంకె విడదీసి చదివింది. "పై ఖాతాదారు మతి స్థిమితం లేనందువల్ల తన వ్యవహారాలను తాను చూసుకునే స్థితిలో లేరు. కనుక ఈ తేదీ నుండి వారి సంతకము, వారి నోటిమాట చెల్లవు." అక్కడితో అయిపోయింది. పక్క బల్లల దగ్గరున్న వాళ్ళు కూడా పని ఆపి చూస్తున్నారు.

అత్త కాగితాన్ని బల్లమీద మెల్లిగా పెట్టింది.

"పాపం" అంది నాతో. "ఎవరే ఈవిడ?"

కాగితం నా వైపు జరుపుకున్నాను.

"ఈవిడకి ఎవరూ లేరా?"

"ఉన్నారత్తా. మేనకోడలుంది."

"మంచిదేనా?"

ఆఫీసరమ్మ కంప్యూటరు వైపు తిరిగిపోయింది. "తెలీదత్తా" అన్నాను. "కోపిష్టిది. చూసుకుంటానంటోంది."

"అయితే ఆ అమ్మాయి చేతే సంతకం పెట్టించండి" అంది అత్త ఆఫీసరమ్మతో. "ఆ పెద్దావిణ్ణి మాత్రం ఇక్కడికి పిలవకండమ్మా. ఇదంతా వింటే బాధపడుతుంది."

నేను పెన్ను తీసుకుని ఆవిడ పక్కనే కూర్చుని సంతకం పెట్టాను.